యుద్ధవిమానపు ఆట - వాస్తవికత

వాస్తవికత అనే మాటను మనం ఎంత ఉదారంగా వాడుతున్నామో అంత అజాగ్రత్తగానూ వాడుతున్నాము. నవలలో వీధిపేరు సరిపోతే వాస్తవికత. సినిమాలో రైలు అట్టరైలు కాక నిజం రైలైతే వాస్తవికత. రంగస్థలం మీద పొయ్యి రాజేసి నిజంగానే అన్నం వండితే ఇక చెప్పనక్కరలేదు. "కన్యాశుల్కం" పాఠం చెప్పేటప్పుడు ఏటా ఎవరో ఒక విద్యార్థి లేచి, గిరీశం అనేవాడు నిజంగా ఉండేవాడా అని అడుగుతాడు. ఉండేవాడా అని కాదు, అలాంటివాడు పుట్టక తప్పని పరిస్థితి ఉండేదా అని అడగమని నేను చెబుతుంటాను. ఈ జవాబు నాకే ఎంత అరకొరగా అర్థమయిందో గత వేసవి సెలవుల్లో ఒక కంప్యూటరు ఆట ముందు కూర్చున్నప్పుడు తెలిసివచ్చింది.

ఆట గురించి విమర్శ ఏమిటని కొందరు మిత్రులు ముక్కున వేలేసుకోవచ్చు. పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయిన నవలను చదవకుండా తోసిపుచ్చే విమర్శకుణ్ణి మనం విమర్శకుడు అనము. నేను చెప్పబోయే ఆటా పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దాన్ని ఆడినవాళ్ళలో ఎక్కువమంది అప్పటికి ఇరవై దాటని కుర్రవాళ్ళు అయివుంటారు. ఏ ప్రపంచాన్ని ఏ కిటికీలోంచి వాళ్ళకు చూపించారో తెలుసుకోవటం సాహిత్య విద్యార్థికి పరాయిపని కాదు.

మా కళాశాలలో కంప్యూటరు శాస్త్రం చెప్పే మిత్రుడొకరికి పాత యంత్రాల మీద మమకారం. ఇప్పటి కంప్యూటరును 1980ల నాటి కమొడోర్ 64 లాగా నటింపజేసే సాధనం ఆయన దగ్గర ఉన్నది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, "మాస్టారూ, క్లాసులో వాస్తవికత, వాస్తవికత అంటుంటారు కదా, 64 కిలోబైట్లలో కుక్కిన వాస్తవికతను చూద్దురు గాని రండి" అన్నాడు. ఇప్పటి చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రం దాచటానికి కూడా 64 కిలోబైట్లు చాలవు. అంత ఇరుకైన జాగాలో ఒక యుద్ధవిమానాన్నీ, శత్రు విమానాలనూ, క్షిపణులనూ, కిందనున్న నేలనూ ఇమిడ్చారు. ఆట పేరు ఎఫ్-15 స్ట్రైక్ ఈగిల్. తెర పైసగంలో ఆకాశమూ నేలా ఉంటాయి. కిందిసగంలో కొలతపలకలు, పటం, రేడారు, మిగిలిన ఆయుధాల లెక్క. ఎత్తు, వేగం, దిక్కు అంకెల్లో కదులుతుంటాయి. ఇంధనం తరిగిపోతుంటుంది.

దీన్ని 1984లో అమెరికాలోని మేరీలాండు రాష్ట్రంలో మైక్రోప్రోజ్ అనే సంస్థ తయారుచేసింది. మొదట అటారి యంత్రాలకు, తరువాత కమొడోర్, ఆపిల్, ఐ.బి.ఎం. వగైరాలకు విడుదలయింది. సంస్థను 1982లో స్థాపించినవాళ్ళు ఇద్దరు: సిడ్ మైయర్ అనే ప్రోగ్రాము రచయిత, బిల్ స్టీలీ అనే మాజీ వైమానిక దళ చోదకుడు. వాళ్ళు ఒకటైన కథ ప్రసిద్ధమే. లాస్ వేగాస్‌లో ఒక వ్యాపార సమావేశానికి వెళ్ళి, నాణెం వేసి ఆడే రెడ్ బేరన్ అనే విమానపు ఆట ముందు ఇద్దరూ కూర్చున్నారు. నిజం విమానాలు నడిపిన స్టీలీ తనదే గెలుపనుకున్నాడు, మైయర్ గెలిచాడు. ఎలాగంటే, ఆ యంత్రంలోని శత్రువు ఎప్పుడు ఎటు తిరుగుతాడో నియమం కనిపెట్టి ఆడానన్నాడు. ఇంతకన్న మంచి ఆట వారంలో రాయగలనని కూడా అన్నాడట. హాస్యానికి చెప్పుకునే ఈ కథలో నాకు ఒక సూత్రం కనిపిస్తుంది. నిజం విమానం ఎరిగినవాడు ఓడాడు, యంత్రపు నియమం ఎరిగినవాడు గెలిచాడు. ఓడినవాడి అనుభవాన్ని గెలిచినవాడి నియమంలోకి దించటమే ఆ తరువాత వాళ్ళిద్దరూ నడిపిన వ్యాపారం.

మొదటిరోజు నాలుగు గంటలు ఆడాను. దీన్ని దాచటం విమర్శకుడికి తగదు. మొదటి గంటలో విమానం నా మాట వినలేదు. రెండో గంటలో నేను విమానం మాట వినటం మొదలుపెట్టాను. వేడిని వెంటాడి వచ్చే క్షిపణికి మంటగోళం విడిచి మోసం చెయ్యాలి. రేడారు ఆధారంగా వచ్చేదానికి ఆ మోసం పనికిరాదు, దాని రేడారు చూపును చెడగొట్టే సాధనం వేరే ఉన్నది. ఏది వస్తున్నదో హెచ్చరిక దీపం చెబుతుంది, ఆలోచించటానికి వ్యవధి ఉండదు. చేతివేళ్ళే ఆలోచించటం నేర్చుకుంటాయి. ఇందులో శిల్పం లేదనటం మూర్ఖత్వం. ఆకాశం ఒక రంగు, నేల ఒక రంగు, కొన్ని గీతలు, చుక్కలు. అయినా పక్కకు వాలినప్పుడు కుర్చీలో నా ఒళ్ళు కూడా వాలింది. చూస్తున్న మిత్రుడు నవ్వాడు. "ఒప్పుకున్నారా?" అన్నాడు.

ఏమి ఒప్పుకోవాలి అన్నదే ప్రశ్న.

1888లో మార్గరెట్ హార్క్‌నెస్ అనే రచయిత్రికి ఎంగెల్సు రాసిన ఉత్తరం అభ్యుదయ సాహిత్య విద్యార్థులకు కొత్తది కాదు. వాస్తవికతకు వివరాల సత్యం ఉండాలి, దానితోపాటు విలక్షణమైన పరిస్థితులలో విలక్షణమైన పాత్రల సత్యమైన చిత్రణ కూడా ఉండాలి అని ఆయన అభిప్రాయం. ఆమె నవలలో కార్మికవర్గం తనకు తాను సాయం చేసుకోలేని జడసమూహంగా కనిపించిందని ఆయన ఫిర్యాదు. ఈ రెండు మాటలనూ ఈ ఆటకు అన్వయించి చూడాలనిపించింది. వివరాలు పుష్కలంగా ఉన్నవి. పరిస్థితి ఎవరిది? కిందనున్న మనుషులు జడసమూహంగానైనా ఉన్నారా?

ఆటలో ఏడు దాడులున్నవి. ఆడేవాడు లిబియా, ఈజిప్టు, హైఫాంగ్, సిరియా, హనోయి, ఇరాక్, పర్షియను సింధుశాఖల మీదికి వెళ్ళాలి. ప్రతిదానికీ ప్రధాన లక్ష్యం ఒకటి, ఉపలక్ష్యం ఒకటి. కొట్టినదాన్నిబట్టి మార్కులు. కొత్తవాడి అంతస్తు మొదలు ఆరితేరినవాడి అంతస్తు దాకా అంచెలు. ఊళ్ళపేర్లు నిజం ఊళ్ళవే. ఆ పేర్లు లేకపోతే నేను ఈ వ్యాసం రాయను. శత్రుదేశం పేరు "ఎర్రదేశం" అనో "తూర్పుదేశం" అనో పెట్టివుంటే మామూలు ప్రచారపు సరుకని ఊరుకునేవాణ్ణి. హైఫాంగ్ అని రాశారు కాబట్టి హైఫాంగ్ గురించి అడిగే హక్కు మనకున్నది.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. సెలవులయ్యాక ఈ ఆటను మూడవ సంవత్సరం విద్యార్థులకు చూపించాను. కొలతపలకల మీద, విమానాల పేర్ల మీద మోజు వాస్తవికతకు శత్రువు అనే ధోరణిలో ఉపన్యాసం ప్రారంభించాను. లూకాచ్ 1936లో రాసిన వ్యాసంలోని గుర్రప్పందేల పోలికను తెచ్చాను. జోలా "నానా"లో పందేన్ని అణువణువూ వర్ణించాడు. టాల్‌స్టాయి "అన్నా కరెనినా"లో పందేన్ని మనుషుల తలరాతతో ముడివేశాడు. కాబట్టి వర్ణన వేరు, కథనం వేరు అని చెప్పుకుపోతున్నాను. చివరి బెంచీలో వైమానిక దళం పరీక్షకు చదువుతున్న కుర్రవాడొకడున్నాడు. విమానాలంటే ప్రాణం పెడతాడు. అతను లేచి, "సార్, హనోయి మీద ఎఫ్-15 ఎగరలేదండి. అప్పటికి ఆ విమానం దళంలోకి రానేలేదు" అన్నాడు.

నేను తెల్లబోయాను. ఇంటికి పోయి చూసుకుంటే అతని మాట అక్షరాలా నిజం. ఎఫ్-15 మొట్టమొదట గాలిలోకి లేచింది 1972 జూలై 27న, అదీ కాలిఫోర్నియాలో, పరీక్షకోసం. శిక్షణకు దళం చేతికి వచ్చింది 1974లో. అమెరికను విమానాలు హనోయి, హైఫాంగ్‌ల మీద ఆఖరిసారి పెద్దయెత్తున బాంబులు కురిపించింది 1972 డిసెంబరు 18 నుంచి 29 దాకా. 1973 జనవరి 27న పారిస్‌లో ఒప్పందం మీద సంతకాలయినవి. అంటే ఈ ఆట పంపే విమానం ఆ ఆకాశంలో ఒక్కరోజు కూడా లేదు. అంతెందుకు, నేలమీది లక్ష్యాలను కొట్టటానికని రూపొందించిన ఎఫ్-15ఇ మొదటిసారి ఎగిరింది 1986 డిసెంబరులో. ఆట వచ్చిన రెండేళ్ళకు గాని ఆ విమానం రాలేదన్నమాట.

వివరాల సత్యాన్ని నేను చిన్నచూపు చూశాను. వివరాలను ప్రేమించే విద్యార్థే అబద్ధాన్ని పట్టుకున్నాడు. ఎంగెల్సు వివరాల సత్యంతోపాటు అన్నాడే గాని, దానికి బదులుగా అనలేదు. మన విమర్శలో చాలాకాలంగా ఈ "తోపాటు" జారిపోతూ వచ్చింది. వస్తువు మంచిదైతే వివరం తప్పినా ఫరవాలేదని ఎన్ని నాసిరకం కథలను మనం మెచ్చుకోలేదు!

ఇప్పుడు ఆ తప్పు ఎలాంటిదో చూడాలి. పొరపాటు వేరు, అవసరమైన పొరపాటు వేరు. రేడారు ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో ఆరాతీసిన సంస్థకు ఆ విమానం ఏ సంవత్సరంలో పుట్టిందో తెలియకపోవటం జరగదు. అమెరికా వియత్నాంలో గెలవలేదు. ఆ యుద్ధంలో దిగిన ఎఫ్-4లు, ఎఫ్-105లు వందల సంఖ్యలో కూలినవి. ఓడిన యుద్ధానికి అప్పుడు లేని ఆయుధాన్ని పంపి పదేళ్ళ తరువాత కుర్రవాడి చేత గెలిపిస్తే ఆ ఓటమి మాసిపోతుంది. 1985లో వచ్చిన రెండో రాంబో సినిమాలో ఇదేపని ఒక కండలవీరుడు చేశాడు. సినిమాను ఎవరూ వాస్తవికమని పొగడలేదు. ఆటను మాత్రం పొగిడారు, దానికి కొలతపలకలున్నవి కాబట్టి. కొలతపలకల సత్యం చరిత్రలోని అసత్యానికి హామీపత్రంగా నిలబడింది. ఈ ఆట గురించి నేను ముఖ్యంగా చెప్పదలచింది ఇదే.

ఆ డిసెంబరులో కింద ఏమి జరిగింది? 22వ తేదీన హనోయిలోని బాక్ మాయ్ ఆస్పత్రి మీద బాంబులు పడినవి. 26వ తేదీ రాత్రి ఖామ్ థియెన్ అనే వీధి నేలమట్టమయింది. ఆ ఒక్క వీధిలోనే రెండువందలకు పైగా జనం చచ్చిపోయారు. ఆ పన్నెండు రోజుల్లో హనోయి, హైఫాంగ్‌లలో పదహారువందల మందికి పైగా పౌరులు చనిపోయారని వియత్నాం ప్రభుత్వం లెక్క. ఆటలో హనోయికి వీధులు లేవు. లక్ష్యం, క్షిపణి స్థావరం, విమానాశ్రయం ఉన్నవి. కొట్టదగినదే కనిపిస్తుంది. కొట్టరానిది ఏదీ అక్కడ లేదు కాబట్టి గురితప్పిన బాంబు ఎవరిమీదా పడదు, ఉత్తనేల మీద పడుతుంది. 64 కిలోబైట్లలో వీధులెలా పెడతారని నా మిత్రుడి వాదన. న్యాయమైన మాటే. కాని జాగా తక్కువైనప్పుడు ఏది ఉంచారు, ఏది తీసేశారు అన్నదే కదా కళాకారుడి దృక్పథం! ఆయుధాల లెక్కకు చోటు దొరికింది.

మిత్రుడు అంతటితో వదలలేదు. "చదరంగంలో బంట్లు చావటం లేదా? ఏనుగును చంపినందుకు మీరెప్పుడైనా ఏడ్చారా?" అన్నాడు. చదరంగం తాను యుద్ధాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తున్నానని చెప్పుకోదు. దాని గళ్ళకు ఊళ్ళపేర్లు లేవు. అంతకన్న ముఖ్యమైన సంగతి మన పల్లెల్లో అరుగుల మీద గీసుకుని ఆడే పులిజూదంలో ఉన్నది. అందులో పులులు కొద్ది, మేకలు చాలా. పులి దూకి మేకను చంపగలదు, మేక పులిని చంపలేదు. అయినా మేకలన్నీ ఒకదాని వెనక ఒకటి నిలిచి పులికి కదలటానికి చోటు లేకుండా కట్టెయ్యగలవు. ఆడేవాడు ఒక ఆటలో పులి పక్షాన ఉంటే మరుసటి ఆటలో మేకల పక్షాన ఉంటాడు. రెండు పక్షాల కష్టమూ అతని చేతివేళ్ళకు తెలుస్తుంది. ఎఫ్-15లో పక్షం మార్చుకునే వీలులేదు. హైఫాంగ్‌లో ఫిరంగి దగ్గర కూర్చునే మనిషికి మీటలు ఇవ్వలేదు. అతను యంత్రపు నియమం మాత్రమే. లాస్ వేగాస్‌లో మైయర్ కనిపెట్టినట్టు ఎప్పుడు ఎటు తిరుగుతాడో కనిపెట్టదగినవాడు.

ధనంజయుడు "దశరూపకం"లో నాట్యాన్ని అవస్థల అనుకరణ అన్నాడు. వస్తువుల అనుకరణ అనలేదు, అవస్థల అనుకరణ అన్నాడు. ఈ జాతి ఆటలను ఇంగ్లీషులో అనుకరణ యంత్రాలు అనే అర్థంలోనే పిలుస్తారు కాబట్టి మన పాత లాక్షణికుడి ప్రశ్న వీటికి చక్కగా సరిపోతుంది. అనుకరిస్తున్నది ఎవరి అవస్థ? చోదకుడి అవస్థ కూడా ఇందులో పూర్తిగా లేదు. అతని భయం కొంత ఉన్నది, వేగం ఉన్నది. ఇంటికి తిరిగివచ్చి నిద్రపట్టని రాత్రి లేదు. యంత్రపు అవస్థ మాత్రం సంపూర్ణంగా ఉన్నది.

ప్రాచీనులు ఇంతకన్న నిజాయితీపరులని చెప్పటానికి నాకేమీ సంకోచం లేదు. రామాయణ యుద్ధకాండలో రాముడు పుష్పకవిమానం మీదినుంచి యుద్ధభూమిని సీతకు చూపిస్తాడు. గెలిచినవాడి విమానం, గెలిచినవాడి కథ. అయినా పైనుంచి చూపిస్తూ ఎవరు ఎక్కడ పడిపోయారో పేరుపేరునా చెబుతాడు; మండోదరి సవతులతో కలిసి ఎక్కడ ఏడ్చిందో ఆ చోటునూ చూపిస్తాడు. తిక్కన స్త్రీపర్వంలో గాంధారి కురుక్షేత్రాన్ని చూసే ఘట్టం గురించి వేరే చెప్పనక్కరలేదు. రాచరికపు కవులే విడిచిపెట్టని ఏడుపును ప్రజాస్వామ్య దేశమనిపించుకున్న అమెరికా ఆట విడిచిపెట్టింది.

ఆటలన్నీ ఇంతేనా అంటే కాదు. 1980లో అటారి సంస్థలోనే డేవ్ థూరర్ అనే యువకుడు మిసైల్ కమాండ్ అనే ఆట రాశాడు. దాన్ని ఎవరూ వాస్తవికమని అనలేదు. అడుగున ఆరు నగరాలు, మూడు స్థావరాలు. పైనుంచి గీతలు గీతలుగా క్షిపణులు. ఆడేవాడు నేలమీద ఉంటాడు. వస్తున్నవాటిని మధ్యలోనే పేల్చివెయ్యటం అతని పని. ఎంత ఆరితేరినవాడైనా చివరకు నగరాలు పోవలసిందే. ఆటకు గెలుపు లేదు. అయిపోగానే మామూలుగా వచ్చే మాటకు బదులు తెరమీద "సమాప్తం" అనే అర్థం వచ్చే మాట పడుతుంది. ఆ ఆట రాసే రోజుల్లో అణుబాంబు పడినట్టు తనకు పీడకలలు వచ్చేవని థూరర్ చెప్పుకున్నాడు. కొలతపలక ఒక్కటీ లేదు. కాని 1980లో భూమ్మీద బతుకుతున్న మనిషి పరిస్థితి ఆ గీతల్లో ఉన్నది. నగరానికీ ఆకాశానికీ సంబంధం ఏమిటో, ఏ పక్షాన నిలబడితే ఏమి కనిపిస్తుందో అందులో ఉన్నది. ఈ రెండిటిలో వాస్తవిక రచన ఏదని పరీక్షలో అడిగితే నేను మిసైల్ కమాండ్ అని రాస్తాను. మార్కులు పోతే పోతాయి.

మా నాయనమ్మ విశాఖపట్నంలో పుట్టింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేసినప్పుడు ఆమెకు పదేళ్ళు. ఆ విమానం ఎలా ఉన్నదని చిన్నప్పుడు ఎన్నోసార్లు అడిగాను. ఆమె ఎప్పుడూ విమానం గురించి చెప్పేది కాదు. చప్పుడు గురించి, పొయ్యిమీద వదిలేసి వచ్చిన పప్పు గురించి, అనకాపల్లి దారిలో బళ్ళు ఒకదానికొకటి అడ్డుపడటం గురించి, బండిలో తల్లి తన తలను చీరకొంగులో దాచటం గురించి చెప్పేది. నాకు అప్పట్లో ఎంతో నిరాశగా ఉండేది. నేను అడిగినది చోదకుడి ప్రశ్న.

ఈ కిటికీని ఒక్క మైక్రోప్రోజ్ సంస్థే కట్టలేదు. 1929లో ఎడ్విన్ లింక్ అనే ఆర్గాను వాద్యాల తయారీదారు కొడుకు, ఆ వాద్యాల తిత్తులతోనే కదిలే ఉత్తుత్తి విమానం తయారుచేశాడు. మొదట కొన్నది వినోదశాలలవాళ్ళు. 1934లో టపా మోసే సైనిక విమానాలు వరసగా కూలేసరికి సైన్యం ఆరింటిని కొన్నది. తిరునాళ్ళ రంగులరాట్నానికీ శిక్షణ యంత్రానికీ మధ్య గోడ అంత పల్చన. 1980లో అటారివారి బాటిల్‌జోన్ అనే టాంకుల ఆటను తనకు అనువుగా మార్చి ఇమ్మని అమెరికను సైన్యం అడిగింది. దాన్ని రాసిన ఎడ్ రాట్‌బర్గ్ ఇష్టపడలేదు. సంస్థ ఒత్తిడి మీద చేసి, ఇక ఇలాంటి పని తనకు చెప్పవద్దన్నాడు. వేతనజీవి అంతకుమించి ఏమి చెయ్యగలడు! 1983 మార్చి 8న ఫ్లారిడాలో విద్యార్థుల ఎదుట ప్రెసిడెంటు రీగన్ మాట్లాడుతూ, వీడియో ఆటలతో పిల్లల చేతికీ కంటికీ వస్తున్న పొందిక మంచి చోదకులను తయారుచేస్తుందని ఆనందించాడు. మరుసటి ఏడు ఎఫ్-15 స్ట్రైక్ ఈగిల్ బజారులోకి వచ్చింది. ప్రభుత్వం చెప్పి చేయించిందని నేననను. చెప్పి చేయించనవసరం లేకుండానే జరిగిపోవటమే ఆ వ్యవస్థ బలం.

అదే సంస్థ 1988లో ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్ అనే ఆటను విడుదల చేసింది. అది ఇంకా పెద్దది, ఇంకా వాస్తవికమన్నారు. ఇందులోని వింత ఏమిటంటే ఎఫ్-19 అనే విమానం లోకంలోనే లేదు! రేడారుకు దొరకని రహస్య విమానం ఏదో ఉన్నదని పుకారు పుడితే ఊహించి తయారుచేశారు. ఆ యేడు నవంబరులో ప్రభుత్వం అసలు విమానాన్ని బయటపెట్టింది. దాని పేరు ఎఫ్-117. ఆకారం కూడా వేరు. లేని విమానానికి కొలతపలకలన్నీ సరిగా ఉన్నవన్నమాట. దొంగప్రతులను అరికట్టటానికి అందులో ఒక తాళం పెట్టారు. ఆట మొదట్లో ఒక విమానం బొమ్మ చూపించి, పుస్తకం తిరగేసి అది ఏదో గుర్తుపట్టమంటారు. దొంగతనానికి వేసిన తాళం శత్రువును పోల్చుకునే పాఠం కూడా అయింది. నాకు ఈ ఏర్పాటు చూస్తే నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

1991 వచ్చింది. సంస్థ తన ఆటలోని విమానాన్ని సరిదిద్ది ఎఫ్-117ఎ పేరుతో మళ్ళీ అమ్మింది. అదే సంవత్సరం అసలు ఎఫ్-117లు బాగ్దాదు మీద ఎగిరినవి. ఫిబ్రవరి 13 తెల్లవారుజామున వాటి బాంబులు రెండు అమీరియా అనే పేటలో జనం తలదాచుకున్న ఆశ్రయం కప్పును చీల్చుకుని లోపల పేలినవి. నాలుగువందల మందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలూ. అంతకు రెండువారాల ముందు జనరల్ ష్వార్జ్‌కాఫ్ పత్రికలవారికి ఒక బాంబుదాడి చిత్రం చూపించాడు. గురిగీతల మధ్యకు వంతెన వచ్చింది, దానిమీద ఒక వాహనం దాటిపోయింది, వెనకనే వంతెన పేలిపోయింది. ఆ వాహనం నడిపేవాడు ఇరాక్‌లోకెల్లా అదృష్టవంతుడన్నాడు జనరల్. సభలో నవ్వులు. గురిగీతలు, నిశ్శబ్దం, కింద వీధి లేని నేల. ఏడేళ్ళుగా ఇళ్ళలో కుర్రవాళ్ళు చూస్తున్న తెర అదే. ఆట యుద్ధాన్ని అనుకరించటం అయిపోయి, యుద్ధమే ఆట తెరను అనుకరించింది.

ఇంత చెప్పాక, అయితే నిషేధించాలా అని అడుగుతారు. పశ్చిమ జర్మనీలో 1980లలో ఆ పనీ చేశారు. బాలలకు హాని చేసే రచనల జాబితాలో ఎఫ్-15 స్ట్రైక్ ఈగిల్‌ను చేర్చి, పిల్లలకు అమ్మటం, బాహాటంగా ప్రకటించటం కట్టడి చేశారు. వాళ్ళ యుద్ధచరిత్ర దృష్ట్యా నేను అర్థంచేసుకోగలను గాని సమర్థించలేను. జాబితాలో చేర్చిన వస్తువును ఎవరూ విమర్శించరు, దాచుకుని ఆడతారు. సొంత దేశంలో పుస్తకాల మీద నిషేధాలు చవిచూసిన అభ్యుదయ రచయితలకు ఇది వివరించనవసరం లేదు.

నేను మరో పని చేశాను. మూడవ సంవత్సరం విద్యార్థులను హనోయి దాడి ఒకసారి ఆడమన్నాను. ఆడినాక, అదే రాత్రిని నేలమీదినుంచి ఒక పేజీ రాయమన్నాను. చాలామంది రాసినవి ఏడుపుగొట్టు పేజీలు. తల్లి, పసిబిడ్డ, రక్తం, చివర ఒక నినాదం. మన కథల్లో అరిగిపోయిన అచ్చులే ఇవి. వైమానిక దళం కుర్రవాడి పేజీ ఒక్కటి వేరుగా ఉన్నది. అతను రేడారు దగ్గర కూర్చున్న వియత్నాం యువకుడి గురించి రాశాడు. ఆ యువకుడి ముందూ ఒక తెర ఉంటుంది, దానిమీదా చుక్కలే కదులుతాయి. రేడారు వేస్తే తన చోటు పైవాడికి తెలిసిపోతుంది, వెయ్యకపోతే వాడి చోటు తనకు తెలియదు. ఎన్ని సెకన్లు వేసివుంచాలా అని లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. అతని ఇల్లు ఆ వీధిలోనే ఉన్నది. అంతే, పేజీ అయిపోయింది.

పదికి తొమ్మిది వేశాను. ఒక మార్కు ఎందుకు తగ్గిందని అడగటానికి వచ్చాడు. అక్షరదోషాలు చూపించాను. పరీక్ష ఫిబ్రవరిలోనట, మానుకునే ఉద్దేశం ఏమీ లేదు. నేను మానుకోమనీ అనలేదు. లూకాచ్ వ్యాసం చదవమని ఇచ్చాను. దానికి బదులుగా అతను ఎఫ్-19 ఆట పుస్తకం నకలు తెచ్చి ఇచ్చాడు. ఎక్కడెక్కడ తప్పులున్నవో అందులో కాగితం ముక్కలు పెట్టివున్నవి. లెక్కపెట్టాను, పదిహేడు.